పడవ మూతి ఎందుకు లేస్తుంది

నా జన్మలో నేను ఆడిన పెద్ద అబద్ధం ఒకటే. అది సూర్యాపేటలో ఇంజనీరు ఆఫీసు వరండాలో నిలబడి ఆడాను. "యుద్ధంల మోటరు పడవ నడిపిన సాబ్" అన్నాను. నిజానికి అస్సాంలో ఆ పడవల తాళ్ళు ఒడ్డున గుంజలకు కట్టడమే నా పని. నడిపే సిపాయి దిగి చాయ్ తాగడానికి పోతే, ఆ మోటారును తడిమి చూసి చెయ్యి కాల్చుకునేవాణ్ణి. మా పరిచయం అంతవరకే. అయితే తిరిగొచ్చాక నాలుగేళ్ళు కోదాడ మిల్లులో ఆయిల్ ఇంజను నడిపాను. ఇంజను ఎక్కడున్నా ఇంజనే, నీళ్ళ మీదికి వస్తే మాత్రం దానికి కొత్త బుద్ధులు పుడతాయా అని నా ధీమా. కుక్క తోక పట్టుకుని గోదారి ఈదినట్టు, ఆ ఒక్క అబద్ధం పట్టుకుని కృష్ణ దాటుదామనుకున్నాను.

అది పందొమ్మిది వందల నలభై తొమ్మిది, కార్తీక మాసం. నిజాం సర్కారు పోయి ఏడాది దాటింది. మిర్యాలగూడ తాలూకాలో, మూసీ వచ్చి కృష్ణలో కలిసే వాడపల్లి దగ్గర మా రేవుకు కొత్త సర్కారు ఒక మోటారు పడవ మంజూరు చేసింది. అంతవరకు టపా దాటాలన్నా, రోగి దాటాలన్నా పుట్టే గతి. పుట్టి అంటే వెదురు అల్లి, తోలు కప్పిన పెద్ద గుండ్రటి గంప. దాంట్లో కూర్చుంటే తిరుగుతూ తిరుగుతూ అవతలి ఒడ్డుకు చేరతాం. ఈ కొత్త పడవకు డ్రైవరు కావాలి. నేనేమో మిల్లు సేఠుతో మాటామాటా పెరిగి పని మానేసి కూర్చున్నాను. నా నోరు మంచిది కాదు, నాకు తెలుసు. ఈ నౌకరీ రాకపోతే నాకు మిగిలింది మా దొర ఎడ్ల వెనక నడవడమే. మా అమ్మ ముత్తమ్మ ముప్పై ఏళ్ళుగా ఆ దొర పొలంలోనే నాట్లు వేస్తోంది, కలుపు తీస్తోంది. ఆమె పక్కన నేనూ నడుం వంచి నిలబడడం తలుచుకుంటే నాకు ఒళ్ళు మండేది.

ఇంజనీరు రాందాస్ సాబ్ హైదరాబాదు మనిషి. వయసు ముప్పై కూడా ఉండదు. నా అబద్ధాన్ని నమ్మాడో, నమ్మినట్టు నటించాడో గాని ఒక్క షరతు పెట్టాడు.

"సూడు దేవసహాయం, వచ్చే శుక్రవారం తహశీల్దారు సాబ్ వస్తడు. తొమ్మిది మందిని ఎక్కించుకొని పడవ సీదా ఉరకాలె. ఉరికితె నౌకరీ పక్కా. లేకుంటె పడవను వేరే రేవుకు పంపిస్త, నువ్వు ఇంటికి పో."

సీదా అంటే మూతి లేవకుండా, తోక దిగబడకుండా, నీళ్ళ మీద పీట వాల్చినట్టు సమంగా పోవడం. చెప్పినంత సులువు కాదు. అది మిలిటరీ వాళ్ళు వదిలేసిన పలకల పడవ, అడుగు చదును. వెనక పలకకు మోటారు వేలాడుతుంటుంది. మెల్లగా పోతే బుద్ధిగానే పోతుంది. వేగం పెంచామా, బెదిరిన గుర్రంలా మూతి ఎత్తేస్తుంది. ఇక నడిపేవాడికి ఏరు కనబడదు, ఆకాశం కనబడుతుంది. వెనక నీళ్ళు అంచు దాటి లోపలికి వస్తాయి.

దానికి మందు మోటారులోనే ఉందని రెండు రోజుల్లో కనిపెట్టాను. మోటారును పలకకు బిగించే ఇనుప పట్టీకి ఐదు బెజ్జాలున్నాయి. ఏ బెజ్జంలో చీల గుచ్చితే ఆ వాలున మోటారు నిలుస్తుంది. కింద తిరిగే పంఖా పడవ కిందికి జరిగితే మూతి దిగుతుంది, దూరంగా జరిగితే లేస్తుంది. ఇది నాకెవరూ చెప్పలేదు. ఒక్కో బెజ్జంలో చీల పెట్టి, ఏరంతా తిరిగి, తడిసి ముద్దయి నేర్చుకున్నాను. అబద్ధం ఆడినప్పుడు లేని సిగ్గు, అది కొద్దికొద్దిగా నిజమవుతుంటే కలిగింది.

తొమ్మిది మంది బరువుకు తొమ్మిది ఇసుక బస్తాలు తూచి, వరుసకు మూడు చొప్పున పేర్చాం. మూడో బెజ్జంలో చీల పెట్టి మోటారు పూర్తిగా తెరిచాను. మూతి కాస్త లేచింది, ఆలోచించింది, మళ్ళీ మెల్లగా వాలి నీళ్ళకు ఆనింది. ఆపైన పడవ కుదుపు లేకుండా ఉరికింది. నాకు అరవాలనిపించింది గాని, ఒడ్డున సాబ్ ఉన్నాడు కాబట్టి, ఇదంతా మామూలే అన్నట్టు మొహం పెట్టాను.

మర్నాడు మనుషులతో నడిపాం. అక్కడ మొదలైంది నా అవస్థ.

రేవు ఉన్నది తన ఊళ్ళో కాబట్టి పడవ కూడా సగం తనదేనని మా దొర లెక్క. గొడవలప్పుడు హైదరాబాదు పోయి తలదాచుకుని, మిలిటరీ వచ్చాక తిరిగొచ్చిన మనిషి. ఆయనే స్వయంగా ఎనిమిది మంది కూలీలను వెంటేసుకుని వచ్చాడు. వాళ్ళలో మా అమ్మ ఉంది, ఆమెతో నాట్లు వేసే యాదమ్మ ఉంది, పుట్టి నడిపే కొమురయ్య ఉన్నాడు. జీతగాడు దొర కుర్చీ తెచ్చి పడవ నడుమ వేశాడు. చేతుల కుర్చీ, టేకుది. దొర కూర్చున్నాడు. కూలీలు ఎక్కి కూర్చున్నారు. నేను తాడు లాగి మోటారు తెరిచాను.

మూతి లేచింది. లేచింది లేచినట్టే ఉండిపోయింది. వెనక నీళ్ళు నా తొడల మీదికి వచ్చాయి. మోటారు దగ్గి దగ్గి ఆగిపోయింది.

"ఏందిర దేవసాయిగా, మొగులు సూపెడుతున్నవా?" అన్నాడు దొర వెనక్కి తిరక్కుండానే.

రెండో బెజ్జం. అదే తంతు. మొదటి బెజ్జం. మోటారు కీచుమంది తప్ప మూతి దిగలేదు. పెట్రోలులో నీళ్ళు కలిశాయన్నాను. పంఖా రెక్క వంగిందన్నాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు కృష్ణ అలలను కూడా తిట్టాను. సాబ్ చిన్న పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. దొర వెళ్ళిపోయాక అవే తొమ్మిది బస్తాలు మళ్ళీ ఎక్కించాను. మూడో బెజ్జం. పడవ సీదాగా ఉరికింది.

ఇసుక ఎక్కితే ఉరికే పడవ మనిషి ఎక్కితే ఎందుకు మొరాయిస్తుంది? బరువు ఒకటే, మోటారు ఒకటే, బెజ్జం ఒకటే. మూడు రోజులు అన్నం తింటున్నా అదే, పడుకున్నా అదే. నౌకరీ సంగతి కూడా కాసేపు మర్చిపోయేవాణ్ణి. ఆ చిక్కుముడి అంతగా నన్ను పట్టుకుంది.

"మనిషి కదులుతడు గద, ఇసుక కదలదు. అందుకేనేమో" అంది మా అమ్మ.

"ఎవరు కదిలిండ్రు? మీరంత బిగుసుకొని కూసున్నరు గద" అన్నాను.

కొమురయ్య బీడీ ముట్టించి నవ్వాడు. "ముందు ఎనక ఉన్నదానితోనే ఈ తిప్పలు బిడ్డా. నా పుట్టికి అసొంటి లొల్లి లేదు. దొర నడిమిట్ల కూసుంటడు, మేమంత సుట్టూత ఆయన దిక్కు మొకం పెట్టి కూసుంటం. అది ఎటు తిరిగినా ఒకటే."

ముసలాయన తన వ్యాపారం పోతుందని ఏడుస్తున్నాడులే అనుకున్నాను. ఆయన నా చేతికి అందించింది ఏమిటో నాకు అప్పుడు తెలియలేదు.

బుధవారం దొర ఏదో కేసు పని మీద మిర్యాలగూడ పోయాడు. దొరికిందే సందని ఆ ఎనిమిది మందినీ బతిమాలి ఎక్కించి, దొరకు బదులు నడుమ ఒక బస్తా పెట్టాను. మూడో బెజ్జం. పడవ హాయిగా, సమంగా ఉరికింది.

నేను మోటారు ఆపి నెత్తి గోక్కున్నాను. అంటే చిక్కంతా దొరలోనే ఉందా? ఆయనేమో ఊదితే ఎగిరిపోయే మనిషి. పట్టు ధోవతి, తలపాగా, చేతికర్రతో కలిపి తూచినా ఇసుక బస్తాకు సగం తూగడు. మరి అంత తేలిక మనిషి పడవ తోకను ఎలా ముంచుతున్నాడు?

అప్పుడు నాకు ఒక పిచ్చి ఆలోచన వచ్చింది. దొర కుర్చీ రేవులోనే, గుడిసె చూరు కింద ఉంది. బస్తా దించేసి దాన్ని తెచ్చి నడుమ వేశాను. ఉత్త కుర్చీ.

"దొర లేడు గద, అదెందుకుర?" అంది యాదమ్మ.

"కుర్సీ బరువెంతనో సూస్త" అన్నాను. నిజంగానే చూద్దామనుకున్నాను.

ఎనిమిది మందీ మళ్ళీ ఎక్కారు. మోటారు తెరిచాను. మూతి లేచింది. తోక మునిగింది. నా తొడలు తడిశాయి.

నడి ఏట్లో మోటారు ఆపేశాను. పడవ ప్రవాహానికి మెల్లగా జారుతోంది. నేను లేచి నిలబడి, మొదటిసారి మోటారును కాకుండా మనుషులను చూశాను. కుర్చీ ముందు, పడవ మూతి దాకా, సగం పడవ ఖాళీ. ఒక్క పురుగు లేదు. ఎనిమిది మందీ కుర్చీ వెనక, ఒకరి మీద ఒకరు పడుతూ, నా మోకాళ్ళ దగ్గర గుంపుగా కూర్చుని ఉన్నారు. దొర లేడు. ఆయన కుర్చీకి కూడా ఎవరూ వీపు పెట్టలేదు.

ఇసుక బస్తాలకు దొరంటే భయం లేదు. అదీ సంగతి.

పడీ పడీ నవ్వాను. తర్వాత నవ్వు ఆగిపోయి నా మీద నాకే కోపం వచ్చింది. ఇన్ని రోజులుగా వాళ్ళ మోకాళ్ళు నా మోకాళ్ళకు ఒత్తుకుంటూనే ఉన్నాయి. ఎందుకింత ఇరుకని ఒక్కసారి అడగలేదు నేను. ఎందుకంటే నేనూ ఆ ఊరివాణ్ణే. దొర ఉన్నచోట మనుషులు వెనక ఉండడం నా కళ్ళకు గాలీ వెలుతురూ లాంటిది. పట్టీకి ఐదు బెజ్జాలున్నాయని కనిపెట్టిన మొనగాణ్ణి, ఇది కనిపెట్టలేకపోయాను.

సాయంత్రం రాందాస్ సాబ్‌కు అంతా చెప్పాను. ఆయన చాలాసేపు నవ్వలేదు, ఆ తర్వాత చాలాసేపు నవ్వాడు. "సులువు గద. దొరనే మూతి కాడ కూసోబెడదాం. అప్పుడు అందరు ఆయన ఎనకనే ఉంటరు, బరువు పడవంత సదురుకుంటది" అని దొర ఇంటికి పోయాడు. మొహం వేలాడేసుకుని తిరిగొచ్చాడు.

"మొకం మీద నీళ్ళు పడతయట. ఒప్పుకోలె. శుక్రవారం మాత్రం కచ్చితంగ ఎక్కుతనన్నడు, తహశీల్దారుకు మాట ఇచ్చిండట. నువ్వే ఏదన్న సెయ్యి. కూలోళ్ళను ముందట కూసోమను."

ఆ మాట అనడం ఆయనకు తేలిక. రాత్రికి బండెక్కి సూర్యాపేట పోయే మనిషి. ఆ ఎనిమిది మంది తెల్లారితే దొర గడ్డ మీదే నిలబడాలి. అయినా ఒక్కొక్కరినీ అడిగాను. కొమురయ్య దగ్గాడు. యాదమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇక మిగిలింది మా అమ్మ. గురువారం పొద్దున ఆమె జొన్న గట్క తాగి పొలానికి బయలుదేరుతుంటే గుమ్మానికి అడ్డం నిలబడ్డాను.

"అమ్మా, రేపు నువ్వు కుర్సీ ముందట కూసోవాలె."

"దొరకు ఈపు పెట్టా?"

"నువ్వు ముందటికి పోకుంటె పడవ మూతి దిగదు."

"దిగకుంటె ఏమయితది?"

"నా నౌకరీ పోతది."

"పెడితె నా కూలి పోతది" అంది మామూలుగా, వాన వచ్చేటట్టుంది అన్నట్టు. అది నిజం. నా నౌకరీ కోసం ఆమె బువ్వ పణంగా పెట్టమంటున్నాను. గుమ్మం నుంచి తప్పుకున్నాను.

ఆమె రెండడుగులు వేసి ఆగింది. "అవునుర, గంత మోటరు దింపలేని మూతి, మనిషి ఉత్తగ పోయి కూసుంటె దిగుతదా? నేను సన్నపుదాన్ని గద."

"తరాజు దండెం లెక్క అమ్మా. ఎంత కొసకు కూసుంటె అంత బరువు."

"అట్లనా" అంది. కొడవలి భుజాన వేసుకుని, ఏదో ఆలోచిస్తూ వెళ్ళిపోయింది.

శుక్రవారం రేవు నిండా జనం. ఒడ్డున తహశీల్దారు, పక్కన దుర్బీను పట్టుకుని రాందాస్ సాబ్. దొర వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఎనిమిది మందీ ఎప్పటిలాగే ఆయన వెనక కుప్పపడ్డారు. మా అమ్మ నా కాళ్ళ దగ్గర కూర్చుంది, నా మొహం చూడలేదు. నేనూ చూడలేదు. మూడో బెజ్జంలోనే చీల ఉంచాను. ఏ బెజ్జంలో పెట్టినా ఒరిగేదేమీ లేదు.

ఒడ్డు వదిలి మోటారు తెరిచాను. మూతి లేచింది. నీళ్ళు లోపలికి వచ్చాయి. అయిపోయింది, ఎడ్ల వెనకే నా బతుకు అనుకున్నాను.

అప్పుడు మా అమ్మ కదిలింది. చేతులూ మోకాళ్ళూ ఆనించి, కుర్చీ పక్కనుంచి పాకింది. దొర ముందుకు చేరి, ఆయన వైపు తిరిగి రెండు చేతులూ జోడించింది. "నీ కాల్మొక్త దొరా" అంటూ, చీమంత వీపు కూడా ఆయనకు చూపకుండా, కూర్చునే వెనక్కి వెనక్కి జరిగింది. జరిగి జరిగి పడవ మూతికి వీపు ఆనేదాకా పోయింది. తల వంచుకుని, దొర పాదాలు చూస్తూ అక్కడే ముడుచుకుంది.

మూతి కాస్త దిగింది. అందరూ చూశారు. ఆమె కూడా చూసింది. ఆశ్చర్యంతో నోరు తెరిచింది, చెయ్యి ఆడించి యాదమ్మను పిలిచింది. యాదమ్మ అలాగే దొరకు మొహం పెట్టి పాకింది. ఆ వెనక కొమురయ్య, తర్వాత ఇంకో ఇద్దరు. ఒక్కొక్కరు పోతున్నకొద్దీ మూతి ఒక్కో వేలు దిగుతోంది. ఐదో మనిషి కూర్చోగానే పడవ కుదుటపడి సమంగా నిలిచింది. మోటారు గొంతు మారింది, ముక్కుదిబ్బడ పోయినట్టు. ఏరు నా కళ్ళ ముందు పరుచుకుంది.

అంతటితో ఆగి ఉంటే అందరి పనీ అయిపోయేది. నాకు నౌకరీ, దొరకు మర్యాద, అమ్మకు కూలి. కాని అమ్మ తల వెంట్రుకలు వెనక నుంచి వచ్చే గాలికి మొహం మీద పడుతున్నాయి. నీళ్ళు చీలే చప్పుడు ఆమె వీపు వెనకనుంచే వస్తోంది. ఆమె ఒకసారి భుజం మీదుగా చూసింది. మళ్ళీ చూసింది. మూడోసారి చూసి, ఇక ఉండబట్టలేక, మొత్తం అటు తిరిగిపోయింది. మోకాళ్ళ మీద లేచి, రెండు చేతులతో పడవ మూతి పట్టుకుని, ఎదురుగా వచ్చే కృష్ణను చూస్తూ ఉండిపోయింది. దొరకు ఆమె వీపే కనబడుతోంది. చినిగిన రవికె, దాని మీద చెమట మరక.

"ముత్తీ" అన్నాడు దొర. "మొకం ఇటు తిప్పు."

ఆయన మొహం నాకు కనబడలేదు, మెడ నరాలు బిగియడం కనబడింది. నాకు భయమేసింది. మోటారు తగ్గిస్తే అమ్మకు ఆ మాట వినబడుతుంది. తిరుగుతుంది. కూలి దక్కుతుంది. నా చెయ్యి పిడి మీదే ఉంది. నేను తగ్గించలేదు. ఉన్నదంతా తెరిచాను. ఆ చప్పుడులో దొర రెండోసారి అన్న మాట నాకే వినబడలేదు. యాదమ్మ కూడా ముందుకు తిరిగింది. కొమురయ్య తిరిగాడు. చివరికి వెనక మిగిలినవాళ్ళు కూడా కుర్చీకి అటూ ఇటూ తల వంచి, ముందు ఏముందో చూడసాగారు.

ఒడ్డుకు రాగానే రాందాస్ సాబ్ నా వీపు తట్టి "సీదా" అన్నాడు. పుస్తకం తీసి రాసుకున్నాడు. దొర ఎవరితోనూ మాట్లాడకుండా గట్టెక్కి పోయాడు. జీతగాడు కుర్చీ మోసుకుంటూ ఆయన వెనక పరిగెత్తాడు.

దీపాలు పెట్టే వేళకు ఆ జీతగాడే మా ఇంటికి వచ్చాడు. "రేపటిసంది ముత్తమ్మను పొలం కాడికి రావొద్దన్నడు దొర" అని చెప్పి, నీళ్ళు కూడా తాగకుండా పోయాడు.

నేను తలెత్తలేకపోయాను. పిడి నా చేతిలోనే ఉంది కదా. "అమ్మా, దొర నిన్ను ఇటు తిరుగుమన్నడు. నీకు ఇనబడొద్దని మోటరు పెంచింది నేనే" అన్నాను. ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు.

ఆమె పొయ్యి ముందు కూర్చుని పుల్లలు ఎగదోస్తోంది.

"ఇనబడ్డది బిడ్డా. రెండుసార్లు ఇనబడ్డది" అంది. ఇంకో పుల్ల పొయ్యిలోకి తోసింది. "పెండ్లయి వచ్చినసంది ఈ ఏరు దాటుతున్న. ఎన్నిసార్లు దాటిననో లెక్కలేదు. దాటినప్పుడల్ల దొర కాళ్ళే సూసిన. ఏరు ఎట్లుంటదో ఇయ్యాలనే సూసిన."

నేను కళ్ళు తుడుచుకున్నాను.

"రేపు టపా ఎన్ని గంటలకు దాటిస్తవు?" అని అడిగింది.

"పొద్దున ఎనిమిదింటికి."

"నేనూ వస్త. ఆ దరికి గుంటూరు దిక్కు మిరప తోటలల్ల కూలి దొరుకుతదట, యాదమ్మ చెప్పింది" అంది, గట్కలో ఉప్పు వేస్తూ.